కోపం తెచ్చుకునే హక్కు: ఒక అర్జీ

రెవెన్యూ శాఖలో గుమాస్తాగా చేరి డిప్యూటీ తహసీల్దారుగా దిగిపోయినవాణ్ణి. ఊళ్లోవాళ్ల అర్జీల మీద సంతకాలు పెట్టడమే తప్ప, నా కోసం నేనొక అర్జీ రాసుకోవాల్సిన గతి పడుతుందని ఎన్నడూ అనుకోలేదు. పట్టింది. ఏ ఆఫీసులో దాఖలు చేయాలో తెలీక పాఠకుల సముఖానికి పెట్టుకుంటున్నాను. విషయం: రాజమండ్రిలో సొంత ఇంట్లో, సొంత పడక్కుర్చీలో కూర్చున్న గృహస్థుకు కోపం తెచ్చుకునే హక్కు రద్దయిన సంగతి.

రద్దు చేసినవారు నలుగురు. నా భార్య, పక్క వీధిలో ఉండే మా అమ్మాయి, డాలస్‌లో ఉండే మా అబ్బాయి, మా డాక్టరు. ఆధారం, అరచేతిలో ఇమిడే ఓ గ్లూకోమీటరు. మనిషి నోటిమాట కంటే దాని మాటే చెల్లుతుందని మా ఇంట్లో ఎప్పుడో తీర్మానమైపోయింది.

జరిగేది ఇదీ. వాన పడ్డ పొద్దున పేపరు తడిసి ముద్దై గుమ్మంలో పడుతుంది. పేపరు కుర్రాణ్ణి నేను కేకేస్తాను. ఇందులో రోగమేమైనా ఉందా? తడిసిన పేపరుకి కోపం రాని మనిషిని నేనింతవరకు చూళ్లేదు. ఒకప్పుడు మా ఆవిడ వంటింట్లోంచే "పొద్దున్నే ఏంటండీ ఆ అరుపులు" అనేది. నేనొకటి అనేవాణ్ణి, తను రెండనేది, సంసారం సవ్యంగా సాగేది. ఇప్పుడు మాటామంతీ లేదు. కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి నా ఎడమచెయ్యి పుచ్చుకుంటుంది. ముందు వేలు కడిగి తుడుస్తుంది. మామిడిపండు రసమో బెల్లం జిగురో అంటుకుని ఉంటే అంకె ఎక్కువ చూపించి మోసం చేస్తుందట. ఉంగరపు వేలి కొసన కాకుండా పక్కవాటున టక్కుమని పొడుస్తుంది. కొసన పొడిస్తే నొప్పి ఎక్కువ కాబట్టి, అదొక్కటే నా మీద చూపిస్తున్న దయ. నెత్తురు బొట్టు స్ట్రిప్పుకి అంటుతుంది. ఐదు సెకన్లు. ఆ ఐదు సెకన్లూ నా కోపం పెండింగు. ఈలోపు కుర్రాడు సైకిలెక్కి వీధి మలుపు తిరిగిపోతాడు.

112 అని వస్తే "సరే, ఇప్పుడు అరవండి" అని లోపలికి వెళ్లిపోతుంది. అనుమతి పుచ్చుకుని అరిచే మగాడు ఎక్కడైనా ఉన్నాడా? 64 అని వస్తే అరుపు కొట్టివేత, గ్లూకోజు నీళ్లు హాజరు. పేపరు నిజంగానే తడిసింది కదా అని నేనంటే, "అవునండీ, ముందు ఇది తాగండి" అంటుంది. తడిసిన పేపరు అక్కడే ఉంటుంది, ఎవరూ పంచనామా చెయ్యరు.

వాళ్ల చట్టం చెబుతాను వినండి. డెసిలీటరు రక్తంలో గ్లూకోజు 70 మిల్లీగ్రాముల కంటే తగ్గితే అది 'లో షుగర్'. 54 కంటే తగ్గితే ఇక ఆలోచించుకునే వ్యవధి లేదు, మెదడుకి తిండి అందడం లేదని అర్థం. ముందు చెయ్యి వణుకుతుంది, ఒళ్లు చెమట పడుతుంది, గుండె దడదడలాడుతుంది, ఎక్కడలేని ఆకలీ ముంచుకొస్తుంది. ఇది ఒంట్లోని అడ్రినలిన్ చేసే హడావిడి. అప్పటికీ పట్టించుకోకపోతే మెదడు మందగిస్తుంది. చూపు మసకబారుతుంది, మాట ముద్దగా వస్తుంది, చెప్పిందే చెబుతాడు, మంకుపట్టు పడతాడు, అయినదానికీ కానిదానికీ చిరాకు పడతాడు. ఈ చివరి రెండు లక్షణాలూ మా డాక్టరు చెబుతుంటే మా ఆవిడ నా వైపు చూసిన చూపు నేనింకా మరిచిపోలేదు. "బాబాయ్ గారికి మామూలుగా లేనంత కోపం వస్తే ఒకసారి చెక్ చెయ్యండి పిన్నిగారూ" అన్నాడు ఆయన. 'మామూలుగా లేనంత' అన్న మాటని మా ఆవిడ దారిలోనే జారవిడిచేసింది. ఇంటికొచ్చేసరికి 'కోపం వస్తే చెక్ చెయ్యాలి' అన్నంతవరకే మిగిలింది.

నాకు లెక్కలంటే గౌరవం కాబట్టి ఒక లెక్క మాత్రం ఒప్పుకోక తప్పదు. మనిషి ఒంట్లో సుమారు ఐదు లీటర్ల రక్తం. అందులో మామూలు వేళ ఉండే గ్లూకోజంతా కలిపి ఐదు గ్రాములు, అంటే ఓ చెంచాడు. అదీ మన ఖజానా. మెదడు ఒంటి బరువులో నూటికి రెండు వంతులు, ఖర్చులో మాత్రం ఐదో వంతు, తనకంటూ నిల్వ దాదాపు ఉండదు. అందుకే ఖజానా తరిగినప్పుడు కాలేయం తన గిడ్డంగిలోంచి వెంటనే సరుకు దింపాలి. షుగరు లేని మనిషికి ఈ ఏర్పాటంతా చడీచప్పుడు లేకుండా జరిగిపోతుంది: క్లోమం ఇన్సులిన్ ఆపి గ్లూకగాన్ వదులుతుంది, కాలేయం తలుపు తీస్తుంది. నా ఒంట్లో ఇన్సులిన్ పొద్దునా సాయంత్రం సూదితో వెళుతుంది. ఒకసారి లోపలికి వెళ్లిన ఇన్సులిన్‌ని వెనక్కి రమ్మనే అధికారం ఏ అవయవానికీ లేదు.

సూది ఒక ముద్దాయి. రెండో ముద్దాయి పొద్దున వేసుకునే గ్లిమెపిరైడ్ మాత్ర. దాంతోపాటు వేసుకునే మెట్‌ఫార్మిన్ ఈ కేసులో లేదు. అది ఒక్కటే అయితే ఇలా కింద పడెయ్యడం చాలా అరుదు. గ్లిమెపిరైడ్ వంశ చరిత్ర విన్నాక నాకు ఒళ్లు మండింది. 1942లో ఫ్రాన్సులోని మోంపెల్లియేలో మార్సెల్ జాన్‌బాన్ అనే డాక్టరు టైఫాయిడ్ రోగులకి ఓ కొత్త సల్ఫా మందు ఇచ్చి చూశాడు. కొందరికి షుగరు పడిపోయింది. టైఫాయిడ్ సంగతి అటుంచి, ఇదేదో బాగుందే అని ఆయన సహచరుడు లుబాతియేర్ కుక్కల మీద పరీక్షలు చేసి, ఈ మందు క్లోమాన్ని కొట్టి ఇన్సులిన్ కక్కిస్తోందని తేల్చాడు. అలా పుట్టింది ఈ మాత్రల వంశం. ఎవరో కింద పడితే పుట్టిన మాత్రని నేను రోజూ పొద్దున్నే మంచినీళ్లతో మింగుతున్నాను. పడెయ్యడం దానికి పుట్టుకతో వచ్చిన గుణం. నా తప్పు ఇందులో రవ్వంత లేదని పాఠకులు గమనించాలి.

ఇక తీపి విషయం. ఇది అర్జీలో ముఖ్యాంశం.

షుగరు వచ్చిందని తెలిసిన నాటి నుంచీ మా ఇంట్లో పూతరేకుల మీద నిషేధం. ఆత్రేయపురం మాకు కూతవేటు దూరం. 2023లో ఆ పూతరేకులకి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ప్రభుత్వం గుర్తించింది, మా ఆవిడ గుర్తించలేదు. చుట్టాలు తెచ్చిన డబ్బా నా ముందు నుంచే బీరువాలోకి వెళ్లేది. కారణం అడిగితే పంచదార. సరే, చట్టం చట్టమే అని తలొంచాను. ఆ తర్వాత లో షుగరొచ్చింది. డాక్టరు నోటి వెంట "వెంటనే పంచదార" అన్న మాట వెలువడింది. నా చెవులతో విన్నాను. ఆ పూట మీటరు 61 చూపించగానే, వణికే చేతిని బీరువా వైపు చాచి, "పూతరేకు" అన్నాను. కుదరదంది. ఇప్పుడేం అడ్డమని అడిగితే నెయ్యి అంది!

విచారించగా అదీ డాక్టరు మాటేనని తేలింది. కొవ్వు ఉన్న పదార్థం పొట్టలోంచి నెమ్మదిగా కదులుతుంది, దాంతో పంచదార రక్తంలో చేరడం ఆలస్యమవుతుంది. అందుకని లడ్డూ, మైసూరుపాకు, చాక్లెట్టు, ఐస్‌క్రీము, కాజా ఏవీ లో షుగరుకి పనికిరావు. ఉత్త గ్లూకోజు పొడి, లేదా పంచదార నీళ్లు, లేదా అర గ్లాసు పళ్లరసం, లేదంటే తేనె. రుచి అనేది ఏ కోశానా లేనివన్నీ ఏరి జాబితాలో పెట్టారు. అంటే, షుగరు ఎక్కువైతే పంచదార ఉందని పూతరేకు లేదు. తక్కువైతే నెయ్యి ఉందని లేదు. మధ్యలో సరిగ్గా ఉంటే, సరిగ్గా ఉన్నదాన్ని ఎందుకు చెడగొట్టుకోవడమని లేదు. నా సర్వీసులో ఎన్నో వివాదాస్పద భూములు చూశాను కానీ, మూడు వైపుల నుంచీ దారి మూసేసిన పట్టా ఇదొక్కటే.

మోతాదుకీ రూలుంది. 15 గ్రాములు తినాలి, 15 నిమిషాలు ఆగాలి, మళ్లీ పొడవాలి. ఇంకా 70 దాటకపోతే మళ్లీ 15, మళ్లీ 15. పదిహేను గ్రాములంటే మూడు చెంచాల గ్లూకోజు పొడి. తినడం సులువే. ఆ ఆగే పదిహేను నిమిషాల గురించి ఏ డాక్టరైనా అనుభవంతో రాశాడా అని అడుగుతున్నాను. లో అయినప్పటి ఆకలి మామూలు ఆకలి కాదు. గోడకున్న సున్నం కూడా పెరుగన్నంలా కనిపిస్తుంది. ఒంట్లోని ప్రతి కణమూ 'తిను, తిను' అని గోల పెడుతుంటే, ఎదురుగా మా ఆవిడ గోడగడియారం కింద స్టూలు వేసుకుని కూర్చుంటుంది. "ఇంకా ఆరు నిమిషాలుందండీ." ఆ ఆకలికి లొంగిపోయి కనిపించిందల్లా తినేస్తే రెండు గంటల తర్వాత మీటరు 300 చూపిస్తుందట, అప్పుడు ఆ కేసు వేరట. పదిహేను నిమిషాలయ్యాక అంకె లేస్తే, భోజనం వేళ ఇంకా దూరముంటే, రెండు బిస్కెట్లో ఓ ఇడ్లీయో మంజూరవుతాయి, మళ్లీ జారిపోకుండా.

ఒక్కోసారి దీనికి వ్యతిరేకమైన అన్యాయం కూడా జరుగుతుంది. వారం రోజులు 250 దగ్గర తిరిగిన మనిషికి మందు మార్చాక 110కి దిగితే, ఒళ్లు దానికి అలవాటు లేక వణికిపోతుంది. చెమటలు నిజం, దడ నిజం, ఆకలి నిజం. మీటరు మాత్రం 110 అంటుంది. అప్పుడు నాకు కోపం చెల్లదు, పంచదారా చెల్లదు.

చీమల గురించి కూడా రికార్డు చేయాలి. గ్లూకోజు చేతికందేలా ఉండాలని మా అమ్మాయి ఇల్లంతా పంచిపెట్టింది. మంచం పక్క అరలో ఒకటి, స్కూటరు డిక్కీలో ఒకటి, వాకింగు ప్యాంటు జేబులో ఒకటి, దేవుడి గదిలో ఒకటి, ఆఖరికి బాత్రూము కిటికీలో కూడా. రాజమండ్రిలోని ఎర్రచీమలకి ఈ కబురు నా కంటే ముందే తెలిసిపోయింది. మంచం కోడు ఎక్కి, దోమతెర అంచు పట్టుకుని, వరసగా వచ్చి, అరలోని ప్యాకెట్టు మూల కొరికి, నా దిండు మీదుగా ప్రయాణం పెట్టుకున్నాయి. తెల్లవారి లేచి మెడ తట్లు చూపిస్తూ కేకలేశాను. ఏం జరిగిందో మీరు ఊహించగలరు. వేలు పొడిచారు. ఇప్పుడు పొడి అంతా మూత బిగించిన హార్లిక్స్ సీసాల్లోకి మారింది. లో అయిన చేత్తో ఆ మూత ఊడదీసి చూపించమని నా సవాలు.

మా బావమరిది కథ దీనికంటే ఘోరం. అతనూ లో అయ్యాడు. చెల్లెమ్మ పంచదార నీళ్లు పట్టింది, ఆగింది, పొడిచింది, అంకె లేవలేదు. మళ్లీ పట్టింది, అంతే. తర్వాత తేలిందేమిటంటే, అతను వేసుకునే మూడు మందుల కలగలుపు మాత్రలో వోగ్లిబోస్ అనేది ఒకటుంది. పేగులో పంచదారని విడగొట్టే పనిని ఆలస్యం చెయ్యడమే దాని ఉద్యోగం. అందుకని అది వేసుకునేవాళ్లకి పంచదార అక్కరకు రాదు, నేరుగా గ్లూకోజే ఇవ్వాలి. ఈ ముక్క మాత్రల అట్ట మీద ఎర్రక్షరాలతో అచ్చెయ్యొచ్చు కదా! మా మనవడి వైద్యం ఇంకోటి. తాతయ్యకి చేతులు వణుకుతున్నాయని పరుగున వెళ్లి ఫ్రిజ్‌లోని కూల్‌డ్రింకు తెచ్చాడు. పిల్లాడి బుద్ధి మంచిదే. డబ్బా మీద 'జీరో షుగర్' అని ఉంది. నా కోసం కొన్నదే.

ఇక పరువు సంగతి. లో షుగరులో నడక తూలుతుంది, మాట తడబడుతుంది, కళ్లు నిలవవు. పొద్దున టిఫిను చెయ్యకుండా పుష్కరాల రేవు దాకా నడిచి వెనక్కి వస్తుంటే ఇలాగే జరిగింది. నడక కూడా ఇన్సులిన్‌కి తోడుదొంగే, కండరాలు గ్లూకోజుని లాగేసుకుంటాయి. మూడిళ్ల అవతలి పెద్దమనిషి నన్ను అరుగు మీద కూర్చోబెట్టి, చుట్టూ చూసి, గొంతు తగ్గించి, "ఈ వయసులో, అదీ పొద్దున్నే, ఎందుకండీ ఇది?" అన్నాడు. జీవితంలో తులసితీర్థం దాటి ఏదీ పుచ్చుకోని వాణ్ణి. ఆ మాట వీధి ఈ కొస నుంచి ఆ కొసకి నాకంటే తిన్నగా నడిచి వెళ్లింది. నిజంగా తాగేవాడి అవస్థ ఇంకా దారుణమని డాక్టరు అంటాడు. మద్యాన్ని విరిచే పనిలో పడ్డ కాలేయం కొత్తగా గ్లూకోజు తయారుచెయ్యదు, తాగిన చాలా గంటల తర్వాత కూడా షుగరు పడిపోవచ్చు, చూసేవాళ్లేమో మత్తులో నిద్రపోతున్నాడులే అనుకుంటారు.

పోనీ ఒళ్లే ముందుగా హెచ్చరిస్తుంది కదా అంటారు. నాకు బీపీ కూడా ఉంది. దానికిచ్చిన బీటా బ్లాకరు మాత్ర వణుకునీ దడనీ చాలావరకు నొక్కేస్తుంది. అది నొక్కలేనిది ముఖ్యంగా చెమట. అంటే మిగిలిన ముఖ్య సాక్షి చెమట. ఇప్పుడు చెప్పండి, రోహిణీ కార్తెలో రాజమండ్రిలో చెమట సాక్ష్యం ఏ కోర్టులో నిలుస్తుంది? ఆ పదిహేను రోజులూ ఊరు ఊరంతా చెమటలోనే ఉంటుంది, ఎవరికి లో, ఎవరికి ఉక్క? మా ఆవిడ దీనికీ ఓ పరీక్ష కనిపెట్టింది. మెడ వెనక చెయ్యి పెట్టి చూస్తుంది. చల్లగా, జిగటగా ఉంటే అది లో చెమట, వేడిగా ఉంటే మామూలు చెమట. రాత్రి రెండింటికి గాఢనిద్రలో మెడ మీద చల్లటి చెయ్యి పడితే మనిషి ఎలా ఉలిక్కిపడతాడో, ఆ ఉలికిపాటుకి దడ ఎలా వస్తుందో, ఆ దడ చూసి ఏ నిర్ణయానికి వస్తారో వివరించనక్కర్లేదు. పైగా మాటిమాటికీ లో అవుతుంటే ఒళ్లు హెచ్చరించడమే మానేస్తుందట. కొన్ని వారాలపాటు ఒక్క లో కూడా రాకుండా కాపాడుకుంటే ఆ హెచ్చరికలు కొంత తిరిగి వస్తాయట. కాబట్టి నన్ను ఇంకా కాపాడుతున్నారు.

కాకినాడలో మా తోడల్లుడి కూతురి పెళ్లిలో ఏం జరిగిందో నా వైపు నుంచి ఎవరూ వినలేదు, మీరైనా వినండి. విస్తళ్లు వేస్తున్నారని కళ్లారా చూసి, కారులో కూర్చుని సూది వేసుకుని వచ్చాను. భోజనాల హాలు తలుపు మూసేశారు. మొదటి బంతి మగపెళ్లివారిదట. మగపెళ్లివారేమో ఫొటోలు దిగుతున్నారు. సూది లోపల పని మొదలెట్టింది, ఫొటోలు అవ్వట్లేదు. వడ్డన పెత్తనం చేస్తున్నాయన్ని నిలదీశాను. మర్యాద, ఆచారం, వయసు, బంధుత్వం, అన్ని కోణాల్లోంచీ వాదించాను. గొంతు పెరిగింది, సన్నాయి ఆగింది. మా ఆవిడ పట్టుచీర చెంగు నడుముకి దోపి, హ్యాండ్‌బ్యాగులోంచి మీటరు తీసి, పెళ్లిజనం మధ్యలో నా వేలు పొడిచింది. 58. నా పాయింటు అక్షరాలా సబబైనదే. కానీ 58 దగ్గరున్న మనిషి పాయింటు ఎవరూ రికార్డు చేసుకోరు. గ్లూకోజు పొడి నోట్లో పోస్తుంటే సగం కండువా మీద పడింది. ఆ తర్వాత నుంచి మా ఇంటి శాసనం: విస్తరి పడటం కాదు, విస్తట్లో అన్నం పడ్డాకే సూది. వడ్డించేవాడు సాంబారు బకెట్టుతో నిలబడి ఉండగా నేను పంచె పక్కకి జరిపి పొట్ట మీద పొడుచుకుంటున్నాను. దీన్ని పురోగతి అంటున్నారు.

అబ్బాయి డాలస్ నుంచి ఊరికే ఉంటాడా? సెన్సరు పంపించాడు. రూపాయి బిళ్లంత ఉంటుంది, జబ్బకి అతికిస్తే రెండు వారాలు పనిచేస్తుంది, నిమిషనిమిషానికీ అంకెని ఫోనుకి చేరవేస్తుంది. నా ఫోనుకే కాదు, వాడి ఫోనుకి కూడా. ఇక్కడ రాత్రి రెండున్నర అయితే అక్కడ సాయంత్రం నాలుగు, వాడు ఆఫీసులో కాఫీ తాగుతూ నా నెత్తురు చదువుకుంటాడు. "నాన్నా, 59 ఉంది, లేచి పంచదార తిను" అని ఫోను. ఇల్లంతా లేచింది, దీపాలు వెలిగాయి, పక్కింటి కుక్క మొరిగింది, సీసా మూత ఊడలేదు. నాకేమీ లేదు మహాప్రభో అంటే, లో అయినవాళ్లంతా అలాగే అంటారని జవాబు. చివరికి వేలు పొడిస్తే 118! నేను ఆ జబ్బ మీదకి ఒత్తిగిలి పడుకున్నాను. ఒత్తిడి పడితే సెన్సరు ఉత్తుత్తి 'లో' చూపిస్తుంది. పైగా అది చదివేది నెత్తుర్ని కాదు, చర్మం కింది నీటిని, అందుకని రక్తంలో మార్పు దానికి కొన్ని నిమిషాలు ఆలస్యంగా తెలుస్తుంది. అనుమానం వస్తే వేలు పొడిచి చూడమని దాని పుస్తకంలోనే రాసుంది. రాత్రి మూడింటికి నేను నిర్దోషిగా విడుదలయ్యాను. క్షమాపణ చెప్పినవాళ్లు లేరు. "పోన్లెండి, మంచిదేగా" అని దీపాలార్పేశారు.

ఇంతకీ డాక్టరు నన్ను తిట్టిన వైనం ఉంది. మూడు నెలల సగటు, హెచ్‌బీఏ1సీ, 6.1 వచ్చింది. చదువుకునే రోజుల్లో కూడా నాకంత మంచి మార్కు రాలేదు. కాగితం మడతపెట్టకుండా పట్టుకెళ్లాను. ఆయన చూసి నొసలు చిట్లించాడు. "ఈ వయసులో, ఇన్సులిన్ మీద, ఇంత తక్కువెందుకు బాబాయ్ గారూ? ఎన్ని లో లు దాక్కున్నాయో ఇందులో" అన్నాడు. సగటు కదా, 50 లూ 250 లూ కలిసి అందంగా కనిపిస్తాయట. కుర్రాళ్లకి బిగించినంత బిగింపు పెద్దవాళ్లకి అక్కర్లేదట, ఏడున్నర, ఎనిమిది దగ్గరున్నా ఫరవాలేదట. మూత్రపిండాలు కాస్త మందగిస్తే మందు ఒంట్లోంచి త్వరగా పోదు, అందుకూ భయమేనట. కార్తీక సోమవారం ఉపవాసం ఉంటూ మాత్ర మాత్రం మానకుండా వేసుకోవడం ప్రమాదమని, ఉపవాసానికి ముందే తనతో మాట్లాడమని చెప్పాడు. గ్లిమెపిరైడ్ సగం చేశాడు, సాయంత్రం సూదిలో కొన్ని యూనిట్లు కోశాడు. ఈ మాత్ర వల్ల వచ్చిన లో ఒకసారి లేచి కూర్చున్నంతలో వదలదు, కొన్ని గంటల తర్వాత మళ్లీ పడేస్తుంది, కాబట్టి స్పృహ తప్పేదాకా వస్తే తేరుకున్నా సరే ఆస్పత్రిలో కనీసం ఓ రోజు ఉండాల్సిందే అన్నాడు. మొదటి మార్కు తెచ్చుకుని చీవాట్లు తిన్న విద్యార్థిని నేనొక్కణ్ణే అయి ఉంటాను.

స్పృహ తప్పితే ఏం చెయ్యాలో నా కళ్లెదుటే రిహార్సలు వేస్తారు. మా అమ్మాయి దర్శకత్వం. నేను చాప మీద పడుకోవాలి. మా అల్లుడు చెంబుతో నీళ్లు తేబోతే, "నోట్లో ఏమీ పొయ్యకూడదండీ, ఊపిరితిత్తుల్లోకి పోతుంది" అని అరుస్తుంది. నన్ను పక్కకి ఒత్తిగిలబెడతారు. ఒకరు 108కి ఫోను చేసినట్టు నటిస్తారు. ఫ్రిజ్ తలుపులో ఉన్న గ్లూకగాన్ సూది పెట్టె తీసి, నీళ్లమందు పొడిలో ఎలా కలపాలో, తొడ మీద ఎక్కడ పొడవాలో మా ఆవిడ చూపిస్తుంది. కాలేయంలో దాచుకున్న గ్లూకోజుని అది బయటికి తోస్తుంది, తేరుకునేటప్పుడు వాంతి కావచ్చు, అందుకే ఒత్తిగిలబెట్టడం. ఇదంతా అవుతుంటే నేను మధ్యలో ఒకమాట అనబోయాను. "మీకు స్పృహ లేదు నాన్నా, మాట్లాడకూడదు" అంది మా అమ్మాయి.

ఇప్పటి తాజా వివాదం ఒక కార్డు గురించి. నేను బయటికి వెళ్లేటప్పుడు చొక్కా జేబులో ఉండాలని మా అమ్మాయి తయారుచేయించింది. ఒకవైపు నా పేరు, మందుల పేర్లు, రెండు ఫోను నంబర్లు. వాటితో నాకు పేచీ లేదు. రెండోవైపు ఇలా ఉంది: 'ఈయనకి మధుమేహం. ఇన్సులిన్ వాడతారు. తూలుతున్నా, తడబడుతున్నా, కోపంగా మాట్లాడుతున్నా వెంటనే గ్లూకోజు లేదా పంచదార ఇవ్వండి.' అంటే రేపు బ్యాంకులో నా ముందున్న వరసలోకి ఎవడైనా దూరితే నేను అడిగేందుకు వీల్లేదు. కౌంటరులో అమ్మాయి నా నోట్లో పంచదార పోస్తుంది.

సవరణ ప్రతిపాదించాను. రాతపూర్వకంగానే ఇచ్చాను: 'కోపంగా మాట్లాడుతున్నచో ముందుగా కారణం విచారించవలెను. కారణం సబబుగా లేనిచో మాత్రమే గ్లూకోజు ఇవ్వవలెను.' మా ఆవిడ కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివింది. "మీరు కారణం చెప్పడం మొదలుపెడితే ఎంతసేపు పడుతుందో నాకు తెలుసండీ. సగంలోనే పడిపోతారు" అంది. పోనీ 'కోపంగా' అన్న ఒక్క మాటైనా తీసెయ్యమన్నాను. లామినేషన్ అయిపోయిందట. ఇక మార్చడానికి వీల్లేదట.